ఉపపాండవుల తల్లి: భారత భాగవతములలో హంతకుని శిక్ష

హత్యకు గురియైనవాని బంధువులకు హంతకుని మరణమొక్కటే ఊరట యనియు, వారి కొరకైనను రాజ్యము ఉరికొయ్యను నిలిపి యుంచవలెననియు వాదించువారు మన దేశమున పలువురు కలరు. ఆ బంధువులే క్షమించినచో ఇక ఉరి యెవరి కొరకని ఎదురు ప్రశ్న వేయువారును కలరు. ఈ రెండు పక్షములవారికిని ఒక నమ్మకము సమానము. హతుని కుటుంబమునకు ఒక్కటే గొంతు ఉండునని వారి తలంపు. ఆ గొంతు తమ పక్షముననే పలుకుచున్నదని ఇరువురును చెప్పుకొందురు.

ఈ నమ్మకమును పరీక్షించుటకు మన వాఙ్మయమున ఒక అపూర్వమైన సాధనము కలదు. బిడ్డలను పోగొట్టుకొన్న ఒకే తల్లి, ఒకే హంతకుని గూర్చి, ఒక గ్రంథమున వానిని చంపితే గాని లేవనని నిరశనవ్రతము పట్టినది. మరియొక గ్రంథమున విడువుడని అడ్డుపడినది. ఆ తల్లి ద్రౌపది. హంతకుడు అశ్వత్థామ. మొదటిది భారత సౌప్తికపర్వము. రెండవది భాగవత ప్రథమస్కంధము. రెంటికిని తెలుగున మహాకవులే దొరకిరి. సౌప్తికమును తిక్కన రెండాశ్వాసములలో నడపెను. ప్రథమస్కంధమును పోతన తెనిగించెను. ఈ రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన నుంచి చదివినవారు తక్కువ. చదివినవారును సాధారణముగా భాగవత ద్రౌపదికి నమస్కరించి, భారత ద్రౌపదిని మౌనముగా దాటిపోవుదురు. ఆ దాటిపోవుట సరికాదని చూపుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

మొదట హంతకుని సంగతి చూడవలెను. అశ్వత్థామయు హతుని కుమారుడే. ద్రోణుడు అస్త్రసన్న్యాసము చేసి యోగమున కూర్చుండగా ధృష్టద్యుమ్నుడు వాని తల నరికెను. కుమారుడు మరణించెనన్న అబద్ధపు వార్తయే ఆ వృద్ధుని చేతినుండి విల్లు జార్చినది. కనుక ఆ రాత్రి మఱ్ఱిచెట్టు క్రింద నిద్రపట్టక కూర్చున్న అశ్వత్థామ తన్ను తాను నేరస్థునిగా భావించుకొనలేదు. న్యాయము దొరకని కుమారునిగా భావించుకొనెను. చెట్టుపై నిద్రించు కాకులను గుడ్లగూబ చంపుట చూచి ఉపాయము గ్రహించెను. కృపుడు వారించుచు చెప్పిన మాటలు నేటి న్యాయశాస్త్రమునకు తగినవి: ఈ రాత్రి నిద్రపొమ్ము, ధృతరాష్ట్రుని, గాంధారిని, విదురుని అడిగి చేయుదము, ఆయుధము వదలినవారిని, నిద్రించువారిని చంపుట ధర్మము గాదు. అనగా కాలము గడవనిమ్ము, దుఃఖము లేని మరియొకని బుద్ధిని సంప్రదింపుము అని ఆ వృద్ధుని సలహా. అశ్వత్థామ సమాధానమును సంస్కృత భారతము దాచలేదు. తండ్రిని చంపినవారిని నిద్రలో చంపి, అందుకు ఫలముగా పురుగునై పుట్టినను, మిడుతనై పుట్టినను సమ్మతమే అని అతడనును. పాపమని తెలియక చేసిన పని గాదు, తెలిసియే చేసెను. తండ్రి మరణము తనకు ఆ అధికారమిచ్చెనని అతని నమ్మకము.

ఆ రాత్రి శిబిరమున ధృష్టద్యుమ్నుడు మడమలతో త్రొక్కబడి చచ్చెను. శస్త్రముతో చంపుమని వేడుకొన్నను అశ్వత్థామ వినలేదు. శిఖండి, ఉత్తమౌజుడు, యుధామన్యుడు, ద్రౌపది కొడుకులైదుగురు పోయిరి. వాకిళ్లవద్ద కృపుడును, కృతవర్మయు నిలిచి పారిపోవువారిని తెగటార్చి, శిబిరమునకు నిప్పు పెట్టిరి. ధర్మము చెప్పిన కృపుడు తెల్లవారులోపల నిప్పు పెట్టువాడాయెను. మేనల్లుని దుఃఖము మేనమామ బుద్ధిని ఎంత త్వరగా మార్చెనో వ్యాసుడు వ్యాఖ్యానింపక ఊరకుండుట గొప్ప విషయము.

ఇక భారత ద్రౌపది. నకులుడు వెళ్లి ఉపప్లావ్యమునుండి ఆమెను తెచ్చును. ఆమె రథము దిగి, గాలికి విరిగిన అరటిచెట్టువలె ధర్మరాజు ముందు పడును. భీముడు లేవనెత్తును. లేచిన పిమ్మట ఆమె పలికిన మొదటి మాట హంతకుని గూర్చి కాదు, భర్తను గూర్చి. కొడుకులను యమునికిచ్చి భూమిని సంపాదించితివి, అదృష్టవంతుడవు, ఇక సుఖముగా ఏలుకొమ్ము అని ఆమె ధర్మరాజును దెప్పును. ఆ దెప్పుటలో గెలిచినవారి రాజ్యమంతయు ఒక్కసారి అపహాస్యమైపోవును. తరువాతనే ఆమె ప్రతిజ్ఞ: ద్రౌణి బ్రతికియుండినచో నేనిచ్చటనే ప్రాయోపవేశము చేయుదును.

ధర్మరాజు ఆ మాటకు అడిగిన ప్రశ్న మొదట చదివినప్పుడు నాకు విచిత్రముగా తోచినది. వాడు దూరపు అడవికి పోయినాడు గదా, వాని చావు నీకెట్లు తెలియును? అని. కొడుకులు పోయిన తల్లిని ఇట్లు అడుగుదురా! కాని ఆ ప్రశ్నయే ఘట్టమును ముందుకు నడిపినది. ఆమె సిద్ధముగా నున్నట్లు జవాబిచ్చును: వాని తలపై పుట్టుకతో వచ్చిన మణి కలదు; వానిని చంపి ఆ మణి తెండు, దానిని నీ శిరస్సున నుంచి చూచి నేను బ్రతుకుదును. ఇచ్చట ఆమె కోరికలో రెండు భాగములున్నవి. ఒకటి వధ, రెండవది కంటికి కనబడు గురుతు. రెండవది లేక మొదటిదానితో ఆమెకు తృప్తి లేదు. ఆమె భీముని వైపు తిరిగి లక్కయిల్లును, హిడింబుని, కీచకుని గుర్తుచేసి పంపును. పతులందరిలో ఎవరిని అడుగవలెనో ఆమెకు తెలియును.

తరువాతి కథ గంగాతీరమున జరుగును. ఆమె అచ్చట లేదు. అశ్వత్థామ గడ్డిపరకను బ్రహ్మశిరోస్త్రముగా ప్రయోగించుట, అర్జునుని ప్రత్యస్త్రము, వ్యాసనారదులు నడుమ నిలుచుట, అర్జునుడు ఉపసంహరింపగలుగుట, అశ్వత్థామ ఉపసంహరింపలేక దానిని పాండవస్త్రీల గర్భములపైకి మరలించుట మనకు తెలిసినవే. ఒప్పందము కుదిరినది వ్యాసుని మాటపై. మణి యిచ్చి ప్రాణములు దక్కించుకొనవలెను. ఆపై కృష్ణుని శాపము: మూడువేల ఏండ్లు తోడు లేక, మాట లేక, చీమునెత్తురుల కంపుతో భూమిపై తిరుగుమని. దీనిని ఎవరైనను కనికరమనినచో నేనొప్పుకొనను. మరణశిక్షను తప్పించిన శిక్ష మరణముకంటె తేలికది కానక్కరలేదని భారతకారునికి బాగుగా తెలియును.

ఆ నిర్ణయమున ఆ తల్లిని ఎవరు అడిగిరి? ఎవరును అడుగలేదు. ఆమె శిబిరమున తిండిలేక కూర్చుండి యున్నది. ఋషులును, దేవుడును, భర్తలును ఏటి యొడ్డున తీర్పు చేసిరి. భీముడు మణి తెచ్చి ఆమె చేతికిచ్చి, బ్రాహ్మణుడని, గురుపుత్రుడని విడిచితిమి, వాని కీర్తి పడినది, శరీరమొక్కటే మిగిలినదని చెప్పుకొనును. ఇచ్చట పాఠకుడు తుఫాను వచ్చునని ఎదురుచూచును. రాదు. సంస్కృతమున ఆమె చెప్పిన మాట సారమిది: నేను కోరినది ఋణము తీరుటయే, గురుపుత్రుడు నాకును గురువే, ఈ మణిని రాజు ధరించుగాక. ధర్మరాజు ధరించును. ఆమె లేచును.

ఈ లేచుటను సులువుగా చదువరాదు. ప్రతిజ్ఞ భంగమైనదనువారు ఆమె పట్టుదలను శంకింతురు. ఆమె లోలోపల క్షమించినదనువారు లేని మాటను ఆమె నోట పెట్టుదురు. క్షమయను మాట అచ్చట లేదు. ఋణమను మాట కలదు. చచ్చిన కొడుకులకు తాను ఏదో బాకీ పడియుంటిననియు, ఆ బాకీ తీరువరకు అన్నము ముట్టుట వారిని వంచించుట యనియు ఆమెకు తోచినది. వధ కోరుట ఆ బాకీకి పెట్టిన పేరు. అందరెదుట హంతకుడు ఓడిపోయెననుటకు గురుతు చేతికి వచ్చిన తరువాత, వాని ఊపిరి ఆగెనా సాగెనా అను ప్రశ్న ఆమెకు వెనుకబడినది. హతుల బంధువులు ఉరి కోరునపుడు నిజముగా కోరునది ఏది యని ఎన్నడైనను ఆలోచించినవారికి ఈ రెండు శ్లోకముల నిడివిలో దొరకునంత వెలుగు పెద్ద గ్రంథములలో దొరకదు.

భాగవతమునకు వచ్చునప్పటికి కథ రూపు మారినది. ఏటి యొడ్డు తీర్పు లేదు. తీర్పు ఆ తల్లి ఎదుటనే జరుగవలెను. అర్జునుడు ఏడ్చుచున్న ద్రౌపదికి వాని తల తెచ్చెదను, దానిపై నిలిచి స్నానము చేయుదువని మాట యిచ్చును. తరిమి, అస్త్రమునకు అస్త్రము వేసి, రెంటిని ఉపసంహరించి, వానిని పశువును కట్టినట్లు త్రాళ్లతో కట్టి తెచ్చును. దారిలో కృష్ణుడు చంపుమనును. నిద్రించువానిని, బాలుని చంపినవానిని విడువరాదు. పరుల ప్రాణములతో తన ప్రాణములు పోషించుకొనువానికి చావే మేలు. పైగా నీవు ద్రౌపదికి మాట యిచ్చితివి. ఇది అర్జునుని పరీక్షించుటకని భాగవతము చెప్పును. అయినను ఆ వాదము బలహీనమైనది కాదు. మరణశిక్షను సమర్థించువారి ముఖ్యవాదములు మూడును, అనగా నేరము ఘోరత, నేరస్థునికే మేలనుట, హతుల వారికిచ్చిన మాట, అన్నియు అందున్నవి. దేవుని నోటనే వానిని పలికించి, పిమ్మట ఒక తల్లిచేత త్రోసివేయించుట భాగవతకారుని ధైర్యము.

తల వంచుకొని కట్లతో వచ్చిన అశ్వత్థామను చూచి ద్రౌపది మ్రొక్కును. సంస్కృతమున ఆమె మాటలన్నియు విడుదల కొరకే. విడువుడు, విడువుడు, ఇతని తండ్రివద్దనే మీరు విలువిద్య నేర్చితిరి, పుత్రరూపమున ద్రోణుడే ఇచ్చట నిలిచియున్నాడు, కొడుకున్నాడని గదా ఇతని తల్లి భర్తతో సహగమనము చేయలేదు, నావలె ఆమెయు ఏడువకుండుగాక. మహోన్నతమైన మాటలే. కాని అందులో హంతకునితో ఒక్క మాటయు లేదు.

పోతన ఆ కొరత కనిపెట్టెను. ఈ ఘట్టమున అతని ప్రతిభ నాకు ఇచ్చటనే అధికముగా కనబడును. శబ్దమాధుర్యమును గూర్చి అందరును చెప్పినదే గనుక నేను మరల చెప్పను. తెలుగున ద్రౌపది మ్రొక్కి, మొదట అశ్వత్థామతోనే మాటలాడును. మా మగవారందరును ద్రోణుని వద్ద చదివినవారే, నీవు పుత్రరూపమున నున్న ద్రోణుడవే, అట్టి నీకు శిష్యుల బిడ్డలను కనికరము లేక నరకుట న్యాయమా యని అడుగును. చూడుడు: సంస్కృతమున విడుదలకు హేతువైన వాక్యమే తెలుగున అభియోగమాయెను. గురువే పుత్రరూపమున ఉన్నాడనుట నిజమైనచో, చంపినది గురువే. ఆమె అంతటితో విడువదు. వారు ఆయుధములతో నీపైకి రాలేదు, యుద్ధభూమిలో లేరు, నీకు రవంత కీడు చేయలేదు, నిద్రించు పసివారిపై నీకు చేయి ఎట్లు వచ్చెనని నిలదీయును. మధ్యలో వానిని తండ్రీ యని పిలుచును. తెలుగు తల్లి కొడుకు వయసువానిని మందలించునపుడు వచ్చు ఆ పిలుపు సంస్కృతమున లేదు, ఉండుటకు వీలును లేదు. వాని తప్పును పూర్తిగా వాని మొగముననే చెప్పిన తరువాత గాని ఆమె వాని తల్లిని తలచుకొనదు. నిన్నిట్లు ఈడ్చి తెచ్చిరని విని నీ తల్లి నేడు ఎచ్చట ఎట్లు పొగులుచున్నదో అని.

నేరమును చిన్నది చేసి క్షమించుట క్షమ కాదని పోతనకు తెలియును. బమ్మెరలో కూర్చుండి వ్రాసిన ఆ కవికి న్యాయస్థానములతో పనిలేదు. అయినను హతుల తరపువారికి హంతకుని ఎదుట నిలిచి తమ మాట చెప్పుకొను తావు కావలెనని అతడు గ్రహించెను. ఆ తావు దొరకిన ద్రౌపదికి ప్రాణము కోరవలసిన అక్కర లేకపోయెను. అభియోగము లేని సంస్కృత ద్రౌపది దేవతవలె ఉన్నది. అభియోగము చేసి విడిచిన పోతన ద్రౌపది మనయింటి మనిషి.

మన బరంపురమునను, హోసూరునను, బళ్లారియందును తెలుగు బడి లేని యిండ్లలో సైతము ఈ పద్యములు పెద్దలనుండి పిల్లలకు నోటికి వచ్చినవి. వచ్చినవారందరును ద్రౌపది మాటలనే చదువుదురు. భీముని మాటలను నవ్వు కొరకు చదువుదురు. ఇది భీమునికి చేసిన అన్యాయము.

భీముడు ఎవరు? చనిపోయిన అయిదుగురిలో శ్రుతసోముడు అతని కొడుకు. ఘటోత్కచుడు అంతకుముందే యుద్ధమున పోయెను. అతడును కొడుకులను పోగొట్టుకొన్న తండ్రియే. ఆ మాట చాలమంది వ్యాఖ్యాతలు మరచిరి. పోతన భీముడు, పిల్లలను చంపినవానిపై కోపింపక విడువుమనుచున్న ద్రౌపదిని వెఱ్ఱిదానిగా ఎంచును. వీడు బ్రాహ్మణుడా యని అడుగును. మీరు చంపకున్న నేనే పిడికిటితో చంపుదునని పైకి దూకును. ద్రౌపది అడ్డము వచ్చును. సంస్కృతమున అతని ఆక్షేపణ ఇంకొక విధముగా పదునైనది: యజమాని కొరకు గాని, తన కొరకు గాని కాక వృథాగా నిద్రించు పిల్లలను చంపెను, వీనికి చావే మేలు. ఒకే ఇంటిలో, ఒకే శవముల ముందు, ఒక తల్లి విడువుమనును, ఒక తండ్రి చంపుమనును. ధర్మరాజు, నకులసహదేవులు ద్రౌపదిని మెచ్చుకొందురు, వారును తండ్రులే. ఈ కుటుంబమున ఎవరి దుఃఖము ప్రమాణము? భీముని దుఃఖము తక్కువదని చెప్పుటకు ఎవరికిని అధికారము లేదు.

అపుడు కృష్ణుడు నాలుగు చేతులు ధరించును. సంస్కృతమున చతుర్భుజుడను మాట మాత్రమే కలదు. పోతన దానిని దృశ్యముగా విప్పెను: రెండు చేతులతో భీముని ఆపి, రెండు చేతులతో ద్రౌపదిని ప్రక్కకు తప్పించి, నవ్వుచు నిలుచును. న్యాయాధిపతి పనికి ఇంతకంటె సరియైన చిత్తరువు నేనెరుగను. అతడు ద్రౌపదినే ఆలింగనము చేసికొని భీముని త్రోసివేయలేదు. ఇరువురిని సమానమైన చేతులతో ఎడమ చేసెను. తరువాత చెప్పిన మాట: బ్రాహ్మణుడు చంపరానివాడు, ఆతతాయి చంపదగినవాడు, రెండును నేను చెప్పిన శాసనములే, ద్రౌపదికి, భీమునికి, నాకును ప్రియమగునట్లు చేయుము. అర్జునుడు కత్తితో జుట్టును, మణిని కోసి, కట్లు విప్పి, శిబిరమునుండి వెళ్లగొట్టును.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. అశ్వత్థామ ప్రాణములను దక్కించినది ద్రౌపది కన్నీరు మాత్రమే కాదు; వాని కులము, వాని తండ్రి పేరు. తల గొరుగుట, ధనము లాగుకొనుట, ఊరినుండి వెళ్లగొట్టుట, ఇవియే బ్రాహ్మణబంధువునకు వధ యని భాగవతము చెప్పును. అదే పని ఒక నిషాదుడు చేసియుండినచో త్రాళ్లతో కట్టి తెచ్చువరకైనను ఎవరైనను ఆగియుందురా? వీడు బ్రాహ్మణుడా యను భీముని ప్రశ్నలో మొరటుతనముతో పాటు ఈ సందేహమును వినబడును. కనుక ఈ ఘట్టమును చూపి మన ప్రాచీనులు మరణశిక్షకు వ్యతిరేకులని ఉపన్యసించుట చెల్లదు. వారు కొందరికి వ్యతిరేకులు.

ఈ రెండు గ్రంథముల ద్రౌపదులు నేటికిని మన మధ్య నున్నారు. 1999 జనవరిలో ఒడిషా రాష్ట్రము కియొంఝర్ జిల్లా మనోహర్‌పూర్ గ్రామమున, బారిపదలో కుష్ఠురోగులకు సేవచేయుచుండిన గ్రాహమ్ స్టెయిన్స్ తన యిద్దరు కొడుకులతో వాహనమున నిద్రించుచుండగా గుంపు వచ్చి నిప్పు పెట్టినది. పిల్లల వయస్సు పది, ఆరు. నిద్ర, పసివారు, నిప్పు: సౌప్తికమున ఉన్నవన్నియు ఇందున్నవి. భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించితినని ప్రకటించెను. అయితే తన క్షమ వేరు, నేరమునకు చట్టము విధించు ఫలము వేరు, రెంటిని కలుపవలదనియు చెప్పెను. ఆమె అటుపిమ్మటను కొన్ని యేండ్లు ఆ రోగుల మధ్యనే ఉండెను. 2003లో క్రింది న్యాయస్థానము ప్రధాననేరస్థునికి మరణశిక్ష విధించెను. 2005లో హైకోర్టు దానిని యావజ్జీవముగా మార్చెను. 2011లో సుప్రీంకోర్టు ఆ మార్పును ఖాయపరచెను. శిక్ష తగ్గినది న్యాయస్థానముల విచారణచేత. ఆ తల్లి క్షమ అంతకు ముందే తన దారిన తాను పూర్తియైనది.

1991లో తమిళనాడున శ్రీపెరుంబుదూరు పేలుడులో రాజీవ్ గాంధీ హతుడయ్యెను. 1999లో సుప్రీంకోర్టు నలుగురికి మరణశిక్షను ఖాయము చేసెను. వారిలో ఒక స్త్రీకి 2000లో గవర్నరు శిక్ష తగ్గించుటకు ముందు, హతుని భార్య సోనియా గాంధీ ఆమెకు ప్రాణభిక్ష కోరెను. ఇది అందరికి తెలిసినదే. కాని ఆ పేలుడులో మరణించినది ఒక్కరు కాదు. బందోబస్తు పోలీసులును, సామాన్యజనమును కూడ పోయిరి. మిగిలిన నేరస్థులు 2022లో విడుదలయగునప్పటికి ఆ యితర కుటుంబములలో కొందరు ఆ విడుదలను గట్టిగా ఎదిరించిరి. ఒకే పేలుడు, ఒకే దినము. భీముడును, ద్రౌపదియు వేర్వేరు ఇండ్లలో. ప్రసిద్ధురాలైన వితంతువు క్షమ దేశమంతట వినబడినది. పేరు లేనివారి కోపము పత్రికల మూలలలో మిగిలినది.

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరమునకు బలియైన యువతి తల్లి, నలుగురు నేరస్థులకు 2020 మార్చి 20వ తేదీన ఉరి యగువరకు ఏడేండ్లు న్యాయస్థానముల మెట్లు ఎక్కి దిగెను. ఆ సంవత్సరము జనవరిలో ఒక సుప్రసిద్ధ న్యాయవాది, సోనియా గాంధీవలె నీవును క్షమింపుమని ఆమెకు బహిరంగముగా హితవు చెప్పెను. నాకు ఈ సలహా యిచ్చుటకు మీరెవరని ఆ తల్లి తిరస్కరించెను. ఆ న్యాయవాది ఉద్దేశము మంచిదే. మరణశిక్ష వలదనుట నాకును సమ్మతమే. అయినను ఈ వివాదమున నేను తల్లి పక్షము. ఒక ద్రౌపదిని చూపి మరియొక ద్రౌపదిని తీర్చిదిద్దుటకు మనకేమి హక్కు? మన సాహిత్యోపన్యాసకులు భాగవత ద్రౌపదిని ఎత్తి భారత ద్రౌపదిని దించునపుడు చేయునదియు ఇదియే. బిడ్డ పోయిన తల్లిని ఉరికి సాక్షిగా నిలుపుట ఎంత కఠినమో, క్షమకు ఆదర్శముగా నిలుపుటయు అంత కఠినమే.

చట్టము ఈ విషయమున ఎటు నడచుచున్నది? 1980లో బచన్‌సింగ్ తీర్పు మరణశిక్షను అరుదైనవానిలో అరుదైన కేసులకే పరిమితము చేసినది. 1983లో మచ్చీసింగ్ తీర్పు సమాజపు సామూహిక అంతఃకరణ మను మాటను ప్రవేశపెట్టినది. ఆ మాట వచ్చినదాదిగా హతుని బంధువుల దుఃఖము సమాజపు కోపములో కలిసిపోయినది. వారు విడిగా ఏమి కోరుచున్నారో విను ఓపిక తగ్గినది. 2009 సవరణలతో బాధితుడను పదమునకు చట్టమున నిర్వచనము వచ్చినది, నష్టపరిహారమునకు పథకము వచ్చినది. హతుని వారసులు నేరస్థుడు విడుదలయైనచో, తక్కువ నేరమునకు మాత్రమే దోషియైనచో, పరిహారము చాలనిచో అప్పీలు చేసికొనవచ్చును. శిక్ష చాలదని మాత్రము అప్పీలు చేసికొనజాలరు. ఈ భేదము కొందరికి అన్యాయముగా తోచును. నాకది కృష్ణుని నాలుగు చేతులను గుర్తుచేయును. తీర్పు తప్పినదని మొరపెట్టుకొను హక్కు ఉన్నది. ప్రాణమును తూచు తక్కెడ వారి చేతిలో పెట్టబడలేదు. అశ్వత్థామ చేతిలో ఆ తక్కెడ ఉన్న రాత్రి ఏమి జరిగెనో మనము చూచితిమి.

మరి వారి చేతిలో ఏమి పెట్టబడినది? ఇచ్చట రెండు గ్రంథములును కలియును. భారతమున ఆమెకు మణి దొరకినది. భాగవతమున హంతకుని మొగము చూచి అడుగు అవకాశము దొరకినది. నేటి హతుల కుటుంబములకు ఈ రెండును దొరకుట అరుదు. సాక్షులుగా పిలువబడి, అడిగిన దానికి మాత్రము జవాబిచ్చి, వాయిదాకు వాయిదా తిరిగి, తీర్పు సంగతి పత్రికలో చదువుకొందురు. పరిహారము కాగితముపై ఉండి చేతికి రాదు. ఇట్టివారికి రాజ్యము ఇవ్వజూపునది ఉరి యొక్కటే యైనపుడు, వారు దానినే కోరినచో ఆశ్చర్యమేమి? ఇతరమేదియు పెట్టని విస్తరిలో ఉన్నది తినుటను రుచి యనరాదు.

పాండవుల శిబిరమున అశ్వత్థామ వెళ్లిపోయిన తరువాత ఏమి జరిగెనో భాగవతము ఒక్క మాటలో చెప్పి ఊరకుండును. అంతవరకు పిల్లల శవములు అట్లే యున్నవి. తరుముటలోను, కట్టి తెచ్చుటలోను, చంపుదమా విడుతమా యను వాదములోను ఎవరికిని తీరిక చిక్కలేదు. పుత్రశోకముతో కుందుచు పాండవులందరును, భీమునితో సహా, ద్రౌపదిని కూడి బిడ్డలకు చేయవలసిన దహనాది కార్యములు చేసిరి.